అద్దం కోసే పని

మహిళా సంఘం గదిలో అద్దం పని నేర్పుతున్నారు.

"అమ్మో! అద్దం చేతులు కోస్తుంది. నాకొద్దు" అంది ఒకామె.

"కత్తిపీట కోయదా? దాంతో రోజూ కూర తరగడం లేదా?" అంది నేర్పే అక్క.

అక్క బల్ల మీద దుప్పటి పరిచింది. అద్దం తుడిచి దాని మీద పెట్టింది. చెక్క స్కేలు ఆనించింది. కట్టర్ చక్రానికి చుక్క కిరసనాయిలు రాసింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత గీసింది. కర్రుమని సన్నటి చప్పుడు వచ్చింది.

"ఈ చప్పుడు గుర్తు పెట్టుకోండి. గీసిన గీత మీద మళ్లీ గీయగూడదు. గీస్తే అద్దం వంకరగా పగులుతుంది. చక్రం కూడా పాడవుతుంది."

నిజానికి కట్టర్ అద్దాన్ని కోయదు. పైన గీటు పెడుతుంది, అంతే. గీతకు రెండు పక్కలా పట్టుకుని కిందికి వంచాలి. అప్పుడు గీటు వెంబడే అద్దం విరుగుతుంది.

భయపడిన ఆమె కట్టర్ పట్టింది. చేయి వణికింది. మొదటి ముక్క వంకరగా పగిలింది. రెండోదీ అంతే. ఇంట్లో పెనిమిటి ఫోటో పొగకు మసిబారుతోంది. దానికి అద్దం వేయించడానికి డబ్బుల్లేవు. మూడోసారి గట్టిగా ఊపిరి పీల్చి గీసింది. టక్కుమని తిన్నగా విరిగింది!

"అంచులు పదునుగా ఉంటాయి. నీళ్లు చల్లుతూ సానరాయితో రుద్దండి. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కళ్లద్దాలు, చెప్పులు వేసుకోవాలి. పెంకులు చేత్తో ఏరొద్దు, చీపురుతో ఊడ్చండి" అంది అక్క.

ఆమె ఆ ముక్కను పాత పేపర్లో చుట్టి ఇంటికి తీసుకెళ్లింది. ఫోటో మీద పెట్టి చూసింది. రెండు వేళ్లంత ఎక్కువైంది.

మర్నాడు అందరికన్నా ముందే వచ్చి బల్ల దగ్గర నిలబడింది.