అటక మీది శారీ గార్డు

ఆ రోజు ఆదివారం. రమణమ్మ కొంగు నడుముకు చుట్టి బిగించింది. చీపురు పట్టుకొని నిచ్చెన ఎక్కింది. అటక దులిపి ఆరు నెలలయింది.

భర్త సాంబయ్య వాకిట్లో మోటారుసైకిలు కడుగుతున్నాడు. కూతురు స్వాతి చెంబుతో నీళ్ళు అందిస్తోంది.

అటక మీది సామాన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. పగిలిన కుండ. చిల్లులు పడ్డ గోనెసంచి. విరిగిన గొడుగు. వాటి అడుగున ఒక రేకు డబ్బా. దాని పక్కన తుప్పు పట్టిన ఇనుప కమ్మీల చట్రం.

"ఏమయ్యా, ఇది మన బండిది కాదూ?" అని అడిగింది రమణమ్మ.

"అదా! శారీ గార్డు. లడలడ చప్పుడు చేస్తోందని నేనే ఊడదీశాను" అన్నాడు సాంబయ్య.

రమణమ్మ నిచ్చెన మీదే ఆగిపోయింది. పోయిన నెల సంత నుంచి వస్తుంటే గాలికి ఆమె కొంగు ఎగిరింది. వెనక చక్రంలో చిక్కుకుంది. ఆమె రోడ్డు మీద పడింది. బండి మెల్లగా పోతోంది కనక మోచేయి చీరుకుపోయింది, అంతే. వేగంగా పోతుంటే ప్రాణం మీదికి వచ్చేది.

"చీర సరిగా పట్టుకొని కూర్చోవద్దా?" అన్నారు చూసినవాళ్ళు. రమణమ్మ కూడా తప్పు తనదే అనుకుంది.

"చప్పుడు పోవాలంటే బోల్టులు బిగిస్తే సరిపోయేది. ఊడదీసి అటకెక్కించావు. మాటలు మాత్రం నేను పడ్డాను" అంది.

సాంబయ్య తల వంచుకున్నాడు. "నిజమే. ఈ పూటే బిగిద్దాం" అన్నాడు.

శారీ గార్డు సోకు కోసం పెట్టింది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకూడదు. అందుకని వెనక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే అడ్డు ఉండాలి. పట్టుకోవడానికి పిడి ఉండాలి. కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి. ఇదీ ఆ నియమం.

సాంబయ్య తుప్పు గీకడానికి సీసాలో పెట్రోలు తెచ్చాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"ఆగు! పెట్రోలు ఇక్కడ వద్దు" అంది రమణమ్మ.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కంటికి కనపడకుండా నేల వెంట పాకుతుంది. దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. సాంబయ్య సీసాకు మూత పెట్టి దూరంగా ఉంచాడు. ఉప్పుకాగితంతో తుప్పు రుద్దాడు. కొత్త బోల్టులు, వాషర్లు వేసి గార్డు బిగించాడు. ఊపి చూశారు. కదలలేదు.

రేకు డబ్బాలో బండి పుస్తకం దొరికింది. అది ఇంగ్లీషులో ఉంది. స్వాతి చదివి అర్థం చెప్పింది. అంకెలు మాత్రం రమణమ్మే చదివింది. చైను బొమ్మ పక్కన 20 నుంచి 30 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే 2 నుంచి 3 సెంటీమీటర్లు.

బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టారు. ఇంజను ఆపి తాళం తీశారు. ఇంజను తిరుగుతుండగా చైను దగ్గర చెయ్యి పెడితే వేళ్ళు తెగుతాయి. చైను కవరుకు ఉన్న రబ్బరు మూత తీశారు. రమణమ్మ చైనును వేలితో పైకీ కిందికీ కదిపింది. స్వాతి స్కేలు పెట్టింది. 4 సెంటీమీటర్లు కదిలింది!

"బాగా వదులయింది" అన్నాడు సాంబయ్య. రెండు పక్కలా సమానంగా బిగించాడు. ఒక పక్క ఎక్కువ బిగిస్తే చక్రం వంకర పోతుంది. తరవాత చైనుకు నూనె వేశాడు. చైను బిగిస్తే వెనక చక్రం కొంచెం జరుగుతుంది. అందుకని వెనక బ్రేకు మళ్ళీ సరిచేశాడు. వాకిట్లో మెల్లగా నడిపి, బ్రేకు పట్టిందని చూసుకున్నాడు.

డబ్బాలో బీమా కాగితం కూడా ఉంది. రమణమ్మ వేలు పెట్టి తేదీ చదివింది. "ఇంక పది రోజులే ఉంది గడువు!" అంది. సాంబయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి అతను మరిచేపోయాడు.

సాయంత్రం రమణమ్మ నోటుపుస్తకం తీసింది. పైన తేదీ వేసింది. కింద ఇలా రాసింది:

గార్డు బిగించాం.
చైను బిగించి నూనె వేశాం.
బ్రేకు చూశాం.
బీమా కట్టాలి.

మర్నాడు సంతకు బయలుదేరారు. రమణమ్మ ముందు గార్డు ఊపి చూసింది. కొంగు నడుములో దోపుకుంది. పిడి పట్టుకొని కూర్చుంది. "ఇక పోనీ" అంది.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. రమణమ్మ కింద పడడానికి అసలు కారణం ఏమిటి?
2. పొయ్యి దగ్గర పెట్రోలు ఎందుకు వాడకూడదు?
3. చైను బిగించాక బ్రేకు ఎందుకు చూడాలి?

చేయండి

మీరు ఎక్కే బండికి శారీ గార్డు ఉందా? ఊపి చూడండి. బీమా కాగితం మీద తేదీ చదవండి. రెండూ మీ నోటుపుస్తకంలో రాయండి.