గెలుస్తానా అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: లా మూడో ఏడు చదువుతున్నాను. మా కాలేజీ న్యాయ సహాయ కేంద్రం తరఫున శనివారాలు పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో కూర్చుంటాం. పోయినసారి ఒకామె వచ్చింది. భర్త కొట్టి బయటికి గెంటాడట. ఇల్లు అత్తగారి పేరున ఉందట. "నేను గెలుస్తానా పాపా?" అని అడిగింది. ఆ రోజు మా సార్ రాలేదు. మాకెవరికీ నోరు పెగల్లేదు. మళ్ళీ వస్తే ఏం చెప్పాలి?
- ఒక విద్యార్థిని, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో అడగండి అమ్మా. పుట్టింట్లో ఉందా, పిల్లలెక్కడున్నారు, దెబ్బలు డాక్టరుకు చూపించిందా? ప్రమాదం ఉందంటే 112కి గానీ 181కి గానీ అక్కడే ఫోన్ చేయించండి. జిల్లాలోని సఖి కేంద్రం చిరునామా కాగితం మీద రాసివ్వండి. చట్టం మాట ఆ తర్వాత.

గెలుస్తారనీ చెప్పకండి, కష్టమనీ చెప్పకండి. తీర్పు మీ చేతిలో లేదు. ఇంటి విషయం మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. 2005 నాటి గృహహింస చట్టం కింద, భర్తతో కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును ఆమె కోరవచ్చు. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. సీనియర్లు ఇచ్చిన నోట్సులో ఇంకా ఆ హక్కు లేదన్న పాత బాత్రా తీర్పే ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అయితే ఇది ఉండనిచ్చే హక్కే, ఇల్లు ఆమె పేరున రాసిచ్చేది కాదు. ఆ తేడా ఆమెకు మొదటి రోజే తెలియాలి. దరఖాస్తు మేజిస్ట్రేటుకు వెళ్తుంది. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలని, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. కోర్టుల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది. అదీ దాచకండి.

ఇక మీ పని ఏమిటంటారా? వినడం, రాయడం, వెంట నడవడం. అడ్వకేట్ల చట్టం, 1961 ప్రకారం వకాల్తా వేసి కోర్టులో వాదించేది ఎన్‌రోల్ అయిన లాయరే. అర్హత లేకుండా ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా జైలు. కాబట్టి మీరు తయారుచేసిన ముసాయిదాను మీ సార్ గానీ న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు గానీ చూడందే బయటికి పోనివ్వకండి. పెద్దమనుషుల పంచాయితీలో ఆమె తరఫున కూర్చుని రాజీ బేరాలు ఆడకండి.

రాయడమంటే చిన్న పని అనుకోకండి. చాలా కేసులు అక్కడే బలహీనపడతాయి. "మానసిక క్షోభకు గురిచేశాడు" అని మన పిల్లలు రాసేస్తారు. ఆమె చెప్పింది మాత్రం "సంక్రాంతి ముందు రోజు అన్నం గిన్నె వీధిలోకి విసిరాడు, ఎదురింటావిడ చూసింది" అని. తేదీ, సాక్షి రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. ఆమె ఎలా చెబితే అలా రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించండి. ఆధార్, ఆసుపత్రి ఓపీ చీటీ, ఫోన్‌లోని మెసేజీలకు కాపీలు తీయించండి. అసలు కాగితాలు మీ దగ్గర ఉంచుకోకండి. ఎక్కడ అర్జీ ఇచ్చినా రసీదు తీసుకోకుండా తిరిగి రానివ్వకండి.

మీ సొంత నంబరు ఇవ్వకండి. కేంద్రానికి ఒక ఫోన్ ఉండాలి. రోజుకొకరు చొప్పున దాన్ని చూసుకోవాలి.

ప్రశ్న: మా ఊరికి లా స్టూడెంట్లు వస్తున్నారు. చిన్నపిల్లలకు ఇంటి గుట్టు చెబితే నలుగురికీ తెలియదా? నా పేరున రెండెకరాలుంది. నాకు ఉచితంగా లాయరును ఇస్తారా?
- ఒక గృహిణి, ఖమ్మం జిల్లా

జవాబు: ఇస్తారమ్మా. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ మహిళలకు ఆదాయ పరిమితి పెట్టలేదు. పొలం ఉన్నా, ఉద్యోగం ఉన్నా మీరు అర్హులే. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. అలా ఇచ్చిన లాయరు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. అడిగితే సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి.

గుట్టు గురించి మీ భయం న్యాయమైనదే. పదిమంది మధ్య చెప్పనవసరం లేదు. "విడిగా కూర్చుని చెబుతాను, మీరు రాసుకునే ఈ పుస్తకం ఎవరెవరు చూస్తారు?" అని అడిగే హక్కు మీకుంది. సరైన జవాబు రాకపోతే పేరు చెప్పకుండా దారి మాత్రం కనుక్కుని, నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకే వెళ్ళండి.

ప్రశ్న: మా కాలేజీ క్యాంపులంటే బ్యానరు, ఫొటోలు, సర్టిఫికెట్లే. ఇందులో నేను మార్చగలిగేది ఏమైనా ఉందా?
- ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఉంది. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. అందుకని ప్రిన్సిపాల్‌ను ధైర్యంగా అడగండి. కోరవలసినవి పెద్దవేం కావు. నెల నెలా అదే ఊరికి వెళ్ళడం, ఒక ప్యానెల్ లాయరు తోడు రావడం, ఒక రిజిస్టరు. వచ్చినవారి ఫొటో తీయకూడదు. రిజిస్టరులో సమస్యతో పాటు "తర్వాత ఏమైంది" అనే గడి తప్పకుండా ఉండాలి, ప్రతిసారీ దాన్ని నింపాలి. పరీక్షలకు ముందే జూనియర్లను ఒకసారి వెంట తీసుకెళ్ళి ఆ ఊరివాళ్ళకు పరిచయం చేసి, తేలని అర్జీలన్నీ ఆ జూనియర్లకు అప్పగించండి. వేసవి సెలవుల్లో కేంద్రం మూతపడితే, వాయిదా తేదీ ఎవరిని అడగాలో తెలియక తిరిగేది అర్జీ పెట్టుకున్నవాళ్ళే.