మేడ మెట్లు మానకే అక్కా!

అక్కా, మోకాళ్ల నొప్పులని మేడ ఎక్కడమే మానేశావట. వడియాలు కూడా వాకిట్లోనే పెడుతున్నావట. వినగానే నాకు దిగులేసింది.

మనది కొండా గుట్టా లేని నేల. గుడివాడ నుంచి బందరు, అట్నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాకా పోయినా కాలికి ఎత్తు తగిలేది కాలవ గట్టు దగ్గరా, మెట్ల దగ్గరా. అదీ మానేస్తే తొడల్లో కండ సడలిపోతుంది, ఆ భారమూ మోకాలి మీదే పడుతుంది.

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు దించు. ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవాలి. దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకి మూడింతలు పైనే పడుతుంది, అందుకని దిగడంలోనే నిదానం. మోకాలు వాచినా, పట్టు తప్పుతున్నా ముందు డాక్టరుకి చూపించుకో.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం నీకు తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడ్డప్పుడు సర్కారు లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. అంతకు ముందు 1864 నవంబరులో బందరుని ముంచిన ఉప్పెన దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. దివిసీమలో అప్పుడు ఎక్కువగా పూరిళ్లే. ఎక్కడానికి చెట్టో, డాబానో దొరికినవాళ్లు కొందరు బతికి బయటపడ్డారు. తర్వాత తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. చాలావాటికి కింద స్తంభాలే, నీళ్లు వాటి మధ్య నుంచి పోవాలని. మనుషులు ఉండాల్సింది పైన. అంటే అక్కడా మెట్లే! హోరుగాలిలో, తడిసిన చీరతో, చంకన మనవణ్ణి పెట్టుకుని ఎక్కడం నీ వయసులో మాటలు కాదు. అందుకే హెచ్చరిక రాగానే, వెలుగుండగానే వెళ్లిపోవాలి. బీపీ మాత్రలు, టార్చిలైటు, కళ్లజోడు ఒకే సంచిలో ఉంచుకో. ఈ వేసవిలో ఓసారి పిల్లల్ని తీసుకెళ్లి మీ ఊరి షెల్టరు ఎక్కి చూడు. రెయిలింగ్ ఊగుతోందా, మెట్ల మీద నాచు పట్టిందా, లైటు వెలుగుతోందా చూసి పంచాయతీలో చెప్పండి. ముసలివాళ్ల కోసం ర్యాంపు కూడా అడగండి, ఆడవాళ్లంతా కలిసి అడగండి.

ఇంకోమాట. చిన్నోడు కొత్తిల్లు కడుతున్నాడుగా! జాగా కలిసొస్తుందని తాపీమేస్త్రీలు మెట్లని నిటారుగా లేపేస్తారు. ఇంట్లో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదు, పాదం పెట్టే చోటు 25 సెంటీమీటర్లకి తగ్గకూడదు. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, ఒక్కటి తేడా వచ్చినా కాలు తడబడుతుంది. గ్రానైటు వేస్తే నున్నటిది వద్దను, అంచుకి గరుకు గీతలు పెట్టించమను. స్లాబు పోసేలోపే ఈ కొలతలు వాడి చేత రాయించి మేస్త్రీకి ఇప్పించు.