గగనయానం – భూమార్గం

పాఠ్యభాగ ఉద్దేశం

ఋతువులను, వాతావరణాన్ని అనుసరించి నడిచే చిన్న విమానాశ్రయాలకు వెళ్ళేటప్పుడు విమానానికి ముందు, తరువాత సాగవలసిన భూమార్గ ప్రయాణాన్ని ఎట్లా కూర్చుకోవాలో తెలియజేయడం, ప్రకృతి నియమాలకు లోబడి ప్రయాణించే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ: వ్యాసం

పాఠం

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని మన పూర్వులు అనుకునేవారు. మన దేశంలో రైలుబండి లేని ఆ రోజులలో, 1830 మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరాడు. 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైబడిన ఆ ప్రయాణాన్ని ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’గా గ్రంథస్థం చేశాడు. ఏ ఊరికి ఎంత దూరం, ఎక్కడ మజిలీకి వసతి ఉంది, ఎక్కడ వంట సామగ్రి దొరుకుతుంది, ఏ నదిని ఎట్లా దాటాలి అన్న వివరాలు అందులో అడుగడుగునా కనిపిస్తాయి. దారిలోని ప్రతి మజిలీని గురించీ ఆయన ఆలోచించక తప్పలేదు.

నేడు అంతటి దూరాన్ని విమానం కొన్ని గంటలలో దాటిస్తున్నది. అందువలన దారిని గురించి ఆలోచించే అలవాటు మనకు తగ్గిపోయింది. టిక్కెట్టు చేతికి వస్తే ప్రయాణం సిద్ధమైనట్లే భావిస్తున్నాం. కాని విమానం మనలను చేర్చేది విమానాశ్రయానికే గాని గమ్యానికి కాదు. హైదరాబాదు, ఢిల్లీ వంటి మహానగరాలలో ఈ భేదం అంతగా తెలియదు. అక్కడ ఏ వేళ దిగినా ఏదో ఒక వాహనం దొరుకుతుంది. ఒక విమానం తప్పితే మరొకటి ఉంటుంది. కొండల నడుమ, ఒకే ఒక చిన్న రన్‌వే గల విమానాశ్రయాల సంగతి వేరు. యాత్రికులు వచ్చే ఋతువులో అక్కడ విమానాలు పెరుగుతాయి, వర్షాకాలంలోనో మంచుకాలంలోనో తగ్గిపోతాయి. ఉన్న విమానాలు కూడా ఆకాశం అనుమతించిన పూటనే ఎగురుతాయి.

ఇందుకు నేపాల్ దేశంలోని జొమ్‌సొమ్ చక్కని ఉదాహరణ. ముస్తాంగ్ జిల్లాలో కాళీగండకి నది ఒడ్డున సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న పట్టణమిది. ముక్తినాథ క్షేత్రానికి వెళ్ళే యాత్రికులు ఇక్కడి విమానాశ్రయంలో దిగుతారు. శ్రీవైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటైన సాలగ్రామ క్షేత్రంగా ముక్తినాథ్‌ను భక్తులు దర్శిస్తారు. బౌద్ధులకు కూడా అది పవిత్ర స్థలం. తెలుగు దేశం నుండి సైతం ఎందరో యాత్రికులు అక్కడికి వెళుతుంటారు. పొఖ్రా నగరం నుండి జొమ్‌సొమ్‌కు విమానంలో దాదాపు ఇరవై నిమిషాల ప్రయాణం. అదే రోడ్డు మీద అయితే నూట యాభై కిలోమీటర్లకు పైగా కొండదారి. ఒక పగలంతా పడుతుంది. వర్షాలకు కొండచరియలు విరిగిపడితే ఎప్పటికి చేరేదీ చెప్పలేము.

జొమ్‌సొమ్‌కు విమానాలు ఉదయం పూట మాత్రమే నడుస్తాయి. దీనికి కారణం గాలి. ఎండ ఎక్కేకొద్దీ ముస్తాంగ్ ఎగువ ప్రాంతంలోని నేల వేడెక్కుతుంది. అక్కడి గాలి తేలికపడి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి దిగువనున్న గాలి లోయ గుండా ఎగువకు పరుగెత్తుతుంది. ధవళగిరి, అన్నపూర్ణ అనే మహోన్నత శిఖరాల నడుమ ఆ లోయ మిక్కిలి ఇరుకైనది. అందువలన గాలి వేగం ఇనుమడిస్తుంది. పదకొండు గంటలు దాటితే అక్కడ చిన్న విమానం దిగడం ప్రమాదకరం. తెల్లవారి మబ్బు కమ్మినా కష్టమే. ఇటువంటి చోట పైలట్ కొండలను కంటితో చూస్తూ విమానాన్ని నడపవలసి ఉంటుంది. కాబట్టి మబ్బు విడిపోవడానికీ, గాలి లేవడానికీ మధ్య లభించే కొద్ది గంటలే అక్కడి విమానాలకు అనువైన కాలం.

ఈ విషయాన్ని నేను పుస్తకాలలో చదివి నేర్చుకోలేదు. కొన్ని సంవత్సరాల క్రితం దసరా సెలవులలో మా అమ్మగారిని, మా అక్కయ్యను వెంటబెట్టుకొని ముక్తినాథ యాత్రకు వెళ్ళాను. అప్పటికి మా నాన్నగారు గతించి రెండేండ్లయింది. ప్రయాణ పట్టికను ఎంతో నేర్పుగా తయారుచేశానని నా నమ్మకం. మూడవనాటి ఉదయం జొమ్‌సొమ్‌లో దిగడం, జీపులో ముక్తినాథ్‌కు వెళ్ళి దర్శనం చేసుకొని సాయంత్రానికి తిరిగి రావడం, నాలుగవనాటి ఉదయం పొఖ్రాకు, అక్కడి నుండి ఖాట్మండుకు ఎగరడం, ఐదవనాటి ఉదయం ఎనిమిది గంటలకు ఢిల్లీ విమానం ఎక్కడం. ఒక్క పూట కూడా వృథా కాలేదని సంతోషించాను.

జొమ్‌సొమ్ నుండి ముక్తినాథ్ వెళ్ళే దారిలో, సుమారు పది కిలోమీటర్ల దూరంలో కాగ్‌బేని అనే ఊరు ఉంది. అక్కడి నదీసంగమం పితృకర్మలకు ప్రసిద్ధి. జీపు ఆ ఊరిని సమీపించినప్పుడు అమ్మ, “ఒక పూట ఇక్కడ ఆగి నాన్నగారికి తర్పణం వదులు నాయనా” అన్నది. “తిరిగి వచ్చేటప్పుడు చూద్దామమ్మా” అన్నాను. తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడింది. జీపు ఆగలేదు.

మరునాడు తెల్లవారేసరికి దిగువ లోయ అంతా మబ్బు కమ్మి ఉన్నది. విమానాశ్రయంలో ఎదురుచూస్తూ కూర్చున్నాం. తొమ్మిదయింది, పది అయింది. మబ్బు విడిపోయే వేళకు గాలి లేచింది. ఆనాటి విమానాలు రద్దయినవని చెప్పారు. నా పట్టిక మొత్తం కళ్ళముందు కూలిపోయింది. వెంటనే జీపు మాట్లాడి పొఖ్రాకు, రాత్రికి రాత్రి మరొక వాహనంలో ఖాట్మండుకు చేరి ఢిల్లీ విమానం అందుకోవాలని నిశ్చయించాను. అప్పుడు అమ్మ మెల్లగా, “విమానం ఎట్లాగూ రాలేదు కదా నాయనా! ఆ ఊరు ఇక్కడికి పది కిలోమీటర్లే కదా!” అన్నది. నేను సమాధానం చెప్పకుండా సామాను జీపులో ఎక్కించాను.

ఒకచోట కొండచరియ విరిగిపడి మూడు గంటలు ఆగిపోయాం. అర్ధరాత్రికి పొఖ్రా చేరాం. డెబ్బై ఐదేండ్ల మనిషిని నిద్ర లేకుండా మరొక రెండు వందల కిలోమీటర్లు కూర్చోబెట్టి ఖాట్మండుకు తీసుకొని వెళ్ళాను. అక్కడికి చేరేసరికి తొమ్మిది గంటలు దాటింది. మా విమానం వెళ్ళిపోయింది. కొత్త టిక్కెట్లు కొని, మరొక రోజు ఖాట్మండు లాడ్జిలో గడిపి ఇల్లు చేరాం. నేను ఇవ్వనన్న ఆ ఒక్క రోజూ ఎట్లాగూ పోయింది. తరువాత అమ్మ అంతటి దూరప్రయాణం చేయలేకపోయింది.

తప్పు గాలిది కాదు, మబ్బుది కాదు. వాటికి చోటు లేకుండా పట్టిక వేసిన నాది.

చిన్న విమానాశ్రయాల తీరు అన్నిచోట్లా ఒక్కటిగా ఉండదు. ఎవరెస్టు ప్రాంతానికి వాకిలి వంటి లుక్లా విమానాశ్రయానికి సుమారు 527 మీటర్ల పొడవు గల వాలు రన్‌వే ఉంది. ఇటీవలి సంవత్సరాలలో వసంత, శరదృతువుల రద్దీ మాసాలలో లుక్లా విమానాలు ఎక్కువగా ఖాట్మండు నుండి కాక, రామేఛాప్ జిల్లాలోని మంథలి నుండి బయలుదేరుతున్నాయి. ఖాట్మండు నుండి మంథలికి రోడ్డు మీద నాలుగైదు గంటలు పడుతుంది. ఉదయపు విమానం అందుకోవాలంటే అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి. అంటే అక్కడ భూమార్గం విమానానికి ముందే మొదలవుతుంది. లుక్లాలో దిగిన తరువాత ఎవరెస్టు వైపు మోటారు దారి లేదు. కాలినడకే శరణ్యం.

మన దేశంలోని లేహ్ సంగతి మరొక విధం. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణానికి ఏడాది పొడవునా విమానాలున్నా, శ్రీనగర్, మనాలీల నుండి వెళ్ళే రహదారులు కనుమలలో మంచు పేరుకున్నప్పుడు మూతపడతాయి. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమైనప్పటికీ, దానికి ఆవల ఉన్న ఎత్తైన కనుమలకు మంచు తప్పలేదు. కాబట్టి విమానం రద్దయితే రోడ్డున పోవచ్చునన్న ధీమా శీతాకాలంలో పనికిరాదు. పైగా మైదాన ప్రాంతం నుండి గంటలలో అంత ఎత్తుకు చేరిన దేహానికి ప్రాణవాయువు చాలదు. దిగిన వెంటనే మరింత ఎత్తైన కనుమల మీదుగా కారు ప్రయాణం పెట్టుకోరాదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి కూడా అక్కడి ప్రయాణ పట్టికలో భాగమే.

వీటిని బట్టి కొన్ని నియమాలను గ్రహించవచ్చు. మొదటిది, ప్రయాణ పట్టికను చివరి నుండి మొదటికి రాసుకోవాలి. చేరవలసిన గుడికో ఊరికో వాహనం ఎప్పుడు ఉంటుంది, చీకటి పడకముందే చేరాలంటే విమానాశ్రయం నుండి ఎన్ని గంటలకు బయలుదేరాలి అని చూసుకొని, ఆ తరువాతనే విమానాన్ని ఎంచుకోవాలి.

రెండవది, వెళ్ళే నెలలో ఆ విమానం నడుస్తున్నదో లేదో విచారించాలి. విమానయాన సంస్థల వేసవి కాలపట్టిక మార్చి చివరి ఆదివారం నుండి, శీతాకాలపు పట్టిక అక్టోబరు చివరి ఆదివారం నుండి అమలులోకి వస్తాయి. ఆ మార్పు తేదీలకు అటూ ఇటూ ప్రయాణించేవారు వేళలను మరొకమారు సరిచూసుకోవాలి. నేపాల్ కాలమానం మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుందని కూడా గుర్తుంచుకోవాలి. మన గడియారంలో ఆరు గంటలయితే అక్కడ ఆరుంబావు.

మూడవది, జీపు మాట్లాడేటప్పుడు ధర ఒక్కటే అడిగితే చాలదు. విమానం ఆలస్యమైతే ఎంతసేపు ఆగుతాడు, రాకపోతే మరునాటికి అదే ఒప్పందం చెల్లుతుందా అన్నది ముందే తేల్చుకోవాలి. పదిమందిని ఎక్కించుకొనే జీపు నిండితే గాని కదలదు. డ్రైవరు ఫోను నంబరును, బస చేసే లాడ్జి నంబరును కాగితం మీద కూడా రాసి ఉంచుకోవాలి. ఇంటికి తిరిగి చేరడానికి సరిపడే నగదు చేతిలో ఉండాలి. చిన్న విమానంలో సామాను బరువుకు పరిమితి తక్కువ కనుక మూటలు తగ్గించుకోవాలి.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది. కొండ విమానాశ్రయం నుండి తిరిగి వచ్చే రోజుకూ, పెద్ద విమానం ఎక్కే రోజుకూ నడుమ కనీసం ఒక పూర్తి దినం ఖాళీగా ఉంచాలి. వేర్వేరుగా కొన్న టిక్కెట్లలో మొదటి విమానం రద్దయితే రెండవ సంస్థ మన కోసం ఆగదు. విమానం సకాలంలో వస్తే ఆ ఖాళీ దినం విశ్రాంతికి ఉపయోగపడుతుంది. రాకపోతే ఆపదను గట్టెక్కిస్తుంది.

విమానం రద్దయినప్పుడు సిబ్బందితో వాదులాడేవారిని నేను చూశాను. ఆనాడు వారిలో నేనూ ఒకడిని. 2022 మే 29న పొఖ్రా నుండి జొమ్‌సొమ్‌కు బయలుదేరిన చిన్న విమానం కొండల్లో కూలిపోయి, అందులోని 22 మందీ మరణించారు. వారిలో నలుగురు భారతీయులు. ఆ వార్త చదివిన నాడు, నేను వాదులాడిన ఆ ఉదయం గుర్తుకు వచ్చింది. ఎగరరాదని నిర్ణయించే అధికారం పైలట్‌కు ఉండాలి. ఆ నిర్ణయాన్ని సహించే తీరిక మన పట్టికలో ఉండాలి.

విద్యార్థులైన మీరు రేపు చదువుల కోసమో, ఉద్యోగాల కోసమో, కన్నవారి కోరిక తీర్చడం కోసమో ఇటువంటి దారులలో ప్రయాణించవచ్చు. పెద్దలను వెంటబెట్టుకొని వెళ్ళినప్పుడు వారు అడిగే ఒక్క పూట కోసం పట్టికలో చోటు ఉంచండి. నా పట్టికలో ఆ ఒక్క దినం ఖాళీగా ఉండి ఉంటే, విమానం రాని ఆ ఉదయం మేము కాగ్‌బేని సంగమం ఒడ్డున ఉండేవాళ్ళం.

అర్థాలు

మజిలీ = ప్రయాణంలో దిగి విశ్రమించే చోటు
ఇనుమడించు = రెట్టింపగు
కనుమ = కొండల నడుమ దారి
తర్పణం = పితృదేవతలకు విడిచే జలం
శరణ్యం = దిక్కు, ఆధారం
ధీమా = ధైర్యం, భరోసా

వ్యాకరణాంశాలు

విమానాశ్రయం = విమాన + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం – గుణ సంధి
నదీసంగమం = నదుల యొక్క సంగమం – షష్ఠీ తత్పురుష సమాసం

అభ్యాసం

1. జొమ్‌సొమ్‌కు విమానాలు ఉదయం పూట మాత్రమే నడవడానికి గల కారణాన్ని వివరించండి.
2. లుక్లా, లేహ్ ప్రయాణాలలో భూమార్గం విషయమై పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
3. “తప్పు గాలిది కాదు, మబ్బుది కాదు” అని రచయిత అనడంలోని ఆంతర్యాన్ని తెలపండి.
4. మీ ఇంటి పెద్దలు చూడగోరిన దూరప్రాంతం ఒకదానిని ఎంచుకొని, చివరి మజిలీ నుండి మొదలుపెట్టి ప్రయాణ పట్టికను తయారుచేయండి.