గురుపీఠమెక్కిన గాయని: లొట్టె లేమాన్

“ఈ విద్య నీకు రాదు” అన్న మాట విద్యార్థి చెవిని ఒకసారి పడితే ఎంతకాలమైనా మరపునకు రాదు. ఆ మాట పలికినవారు ఆ విద్యలో ఆరితేరినవారే అయినప్పుడు దాని బరువు మరింత ఎక్కువ. అట్టి తీర్పును యౌవనారంభంలోనే విని, దానిని దాటి లోకప్రసిద్ధి గాంచి, తుదకు తానే గురుపీఠమెక్కిన ఒక గాయని జీవితాన్ని ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. ఆమె పేరు లొట్టె లేమాన్. గురువు శిష్యునికి ఇవ్వవలసినది తన గొంతునా, లేక శిష్యుని గొంతును శిష్యునికేనా? ఈ ప్రశ్నయే మా పరిశీలనకు మూలం.

ఒపేరా అనగా పాశ్చాత్యుల సంగీత నాటకం. అందులో కథను ముఖ్యంగా పాటయే నడుపుతుంది. పెద్ద వాద్యబృందం మ్రోగుచుండగా, మైకు సాయం లేకుండానే గాయకుల కంఠం చివరి వరుసలోని శ్రోతకు చేరవలెను. స్త్రీ కంఠాలలో అత్యున్నత స్థాయిని అందుకొనేదానిని సోప్రానో అనీ, దానికి దిగువ స్థాయిదానిని మెజ్జో సోప్రానో అనీ అంటారు. ఊపిరిని నిలుపుట, పొదుపుగా విడుచుట, అక్షరం చెడకుండా స్వరాన్ని సాగదీయుట వంటి విద్యలు ఏండ్ల తరబడి సాధన చేయనిదే పట్టుబడవు.

లేమాన్ 1888 ఫిబ్రవరి 27న జర్మనీలోని పెర్లెబెర్గ్ అనే చిన్న పట్టణంలో జన్మించినది. తండ్రి సామాన్య ఉద్యోగి. కుమార్తె ఏదైనా స్థిరమైన కొలువులో కుదురుకొనవలెనని ఆయన కోరిక. ఆమె మనసు మాత్రం సంగీతంపై నిలిచినది. బెర్లిన్‌లో ఆమె చేరిన పాఠశాల ఎటెల్కా గెర్‌స్టర్ నడిపినది. గెర్‌స్టర్ ఒకనాడు యూరప్‌నూ అమెరికానూ ముగ్ధం చేసిన సోప్రానో. ఆ పాఠశాల పద్ధతి ఈ బాలికకు ఒదగలేదు. సాధన పెరిగిన కొద్దీ గొంతు బిగుసుకొనిపోయినది. తుదకు ప్రగతి లేదని ఆమెను పంపివేసినారు.

దిక్కుతోచని ఆ స్థితిలో ఆమె మాథిల్డె మాలింగర్‌ను ఆశ్రయించినది. ఈమెయూ గురువుగా మారిన సోప్రానోయే. 1868లో వాగ్నర్ రచించిన ‘మైస్టర్‌సింగర్’ తొలి ప్రదర్శనలో నాయిక ఎవా పాత్రను పాడిన గాయని. ఆమె శిక్షణలో బిగుసుకొన్న గొంతు సడలి, విచ్చుకొన్నది. గొంతు అదే, శిష్యురాలూ ఆమెయే. మారినది గురువు మాత్రమే. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని మా మనవి.

1910లో హాంబర్గ్ ఒపేరాలో మోజార్ట్ ‘మాజిక్ ఫ్లూట్’లోని ముగ్గురు బాలురలో ఒకరిగా, చిన్న పాత్రతో ఆమె రంగప్రవేశం చేసినది. 1912లో ‘లోహెన్‌గ్రిన్’ నాయిక ఎల్సా పాత్రతో గుర్తింపు పొందినది. 1916లో వియన్నా చేరినది. అక్కడ ప్రధాన గాయని అస్వస్థురాలు కాగా ఒక అభ్యాసంలో ఆమెకు బదులుగా లేమాన్ పాడినది. అది విన్న స్వరకర్త రిచార్డ్ స్ట్రాస్, తన ‘అరియాడ్నె’ కొత్త రూపంలోని సంగీతకారుని పాత్రను ఆమెకే ఇచ్చినాడు.

ఆమె గానం నిర్దోషమైనది కాదు. ఊపిరి చాలక వాక్యం నడుమ శ్వాస తీయునని విమర్శకులు వ్రాసినారు. అయినను పదం యొక్క అర్థాన్ని శ్రోత హృదయానికి చేర్చుటలో ఆమెకు సాటి వచ్చినవారు తక్కువ. స్ట్రాస్ రచించిన ‘రోజెన్‌కవలియెర్’లో ముగ్ధయైన సోఫీగా, యువకుడైన ఆక్టేవియన్‌గా, ప్రౌఢయైన మార్షలిన్‌గా మూడు పాత్రలనూ ఆమె పాడినది. మార్షలిన్ కాలగతిని గ్రహించి, తాను ప్రేమించిన యువకుని మరొక యువతికి విడిచిపెట్టే స్త్రీ. ఆ పాత్రయే లేమాన్‌కు శాశ్వతకీర్తిని తెచ్చినది.

1933లో జర్మనీలో నాజీలు అధికారానికి వచ్చినారు. 1938లో ఆస్ట్రియాను ఆక్రమించినారు. పుట్టిన దేశమూ, పేరు తెచ్చిన వియన్నా రెండునూ ఆమెకు దూరమైనవి. అమెరికాలో స్థిరపడి 1945లో ఆ దేశ పౌరురాలైనది. 1951 ఫిబ్రవరి 16న న్యూయార్క్ టౌన్‌హాల్ కచేరీలో, ఇక విరమించుచున్నానని ప్రకటించినది. చివరగా సంగీతకళకు కృతజ్ఞత తెలిపే షూబర్ట్ గీతాన్ని ఎత్తుకొని, కన్నీరు ఆగక తుది పలుకులు పాడలేకపోయినది.

ఆ తర్వాత ఆమె రెండవ జీవితం ప్రారంభమైనది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 1947లో వెలసిన మ్యూజిక్ అకాడమీ ఆఫ్ ది వెస్ట్ స్థాపనలో ఆమెకూ పాత్ర ఉన్నది. అక్కడ ఆమె యువగాయకులకు పాఠాలు చెప్పినది. స్వరానికి ఎంత విలువయో గీతంలోని కవితకూ అంతే విలువ అన్నది ఆమె బోధనలోని ప్రధానసూత్రం. స్వయంగా పాడి చూపుతూనే, తనను అనుకరింపవద్దని హెచ్చరించెడిది.

ఆమె శిష్యురాలు గ్రేస్ బంబ్రీ 1937లో సెయింట్ లూయిస్‌లో జన్మించిన నల్లజాతి యువతి. పోటీలో గెలిచినను, నల్లజాతి అన్న కారణంచేత ఆ నగరంలోని సంగీతసంస్థ ఆమెను చేర్చుకొనలేదు. తలుపు మూసిన బాధ ఎట్టిదో ఎరిగిన లేమాన్ ఆమెను మూడేండ్లకు పైగా తీర్చిదిద్దినది. స్వరసాధనకు టెనర్ గాయకుడు అర్మాండ్ టొకాట్యాన్ ఉండగా, భావప్రకటనను తాను నేర్పినది. పాటకచేరీలే చాలుననుకొన్న శిష్యురాలిని ఒపేరా వైపు మళ్లించినదీ ఆమెయే. 1961లో జర్మనీలోని బైరాయిట్ ఉత్సవంలో బంబ్రీ ‘టాన్‌హాయిజర్’లో వీనస్ పాత్ర ధరించినది. ఆ వేదికపై పాడిన తొలి నల్లజాతి గాయని ఆమెయే. ముందుగా నిరసనలు చెలరేగినవి. ప్రదర్శన ముగిసిన పిదప ప్రేక్షకులు చప్పట్లతో ఆమెను 42 మార్లు తెర ముందుకు రప్పించినారు. నాజీల కాలంలో లేమాన్ విడిచిన దేశంలోనే ఆమె శిష్యురాలికి ఆ గౌరవం లభించినది.

1976 ఆగస్టు 26న శాంటా బార్బరాలో లేమాన్ కన్నుమూసినది.

గెర్‌స్టర్ పాండిత్యంలో లోపం ఉన్నదని మేము అనము. ఒకే కొలతతో అన్ని గొంతులనూ కొలిచిన పద్ధతిలోనే లోపమున్నది. ఉస్తాద్ అన్నను, గురువు అన్నను ఆ స్థానం ధర్మం ఒక్కటే: శిష్యునిలో తన ప్రతిధ్వనిని గాక శిష్యుని ధ్వనినే వెదకుట. విద్యార్థి మిత్రులకు మేము చెప్పగలిగినది ఇంతే: ఒక తలుపు మూసికొన్నప్పుడు మూసినది విద్య అని భ్రమింపవద్దు. అది ఒక పాఠశాల మాత్రమే. బెర్లిన్‌లోనే మరొక వీధిలో మాలింగర్ ఇల్లు ఉండినది.