రెండు దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లబడుతోందేం?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 27. కిందటి డిసెంబరులో స్నేహితులతో మారేడుమిల్లి వెళ్లి, చెట్లకు నైలాన్ ఊయలలు కట్టుకుని, పైన టార్పాలిన్ వేసుకుని పడుకున్నాం. రెండు దుప్పట్లు కప్పుకున్నా తెల్లవారుజామున వీపు, నడుము చల్లబడి వణుకు పట్టుకుంది. నాకు రక్తం తక్కువేమోనని అనుమానం. ఈసారి లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. రెండు పెగ్గులు వేసుకుంటే చలి ఆగుతుందంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వీపు, నడుము మాత్రమే చల్లబడ్డాయంటే రక్తాన్ని అనుమానించక్కర్లేదు. దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య నిలిచిన గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఊయలలో మీ బరువుకి కిందిభాగం నలిగి, ఆ గాలి కాస్తా పోతుంది. అడుగు నుంచి కొండగాలి రాత్రంతా తగులుతూనే ఉంటుంది. చలికాలంలో నులక మంచం మీద ముందు బొంత పరిచి, ఆ తర్వాతే దుప్పటి కప్పుకునే మన పెద్దవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

కాబట్టి మూడో దుప్పటి మోసుకెళ్లకండి, అడుగు సంగతి చూడండి. ఊయలలో ఫోమ్ చాప పరుచుకుంటే చాలావరకు సరిపోతుంది. అంతకంటే మేలైన పద్ధతి, ఊయల బయట అడుగున ఒక బొంతను తాళ్లతో వేలాడగట్టడం. బరువు దానిమీద పడదు, దూది నలగదు. అది ఊయలకు ఆనుకునే ఉండాలి. సందు వదిలితే గాలి దూరుతుంది. టార్పాలిన్‌ను గాలి వచ్చే వైపు బాగా దించి కట్టండి. చెమట పట్టిన చొక్కా మార్చి, పొడి సాక్సులు, మంకీ క్యాప్ వేసుకుని, కడుపునిండా తిని పడుకోండి. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అంత ఎత్తుకు 6 డిగ్రీల దాకా చలి పెరుగుతుంది. కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరపడుతుంది కూడా.

పెగ్గుల మాట మర్చిపోండి. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్టే ఉంటుంది గానీ, లోపలి వేడి బయటికి పోతుంది. బొగ్గుల కుంపటిని టెంటులోకి గానీ, నేలదాకా దించిన టార్పాలిన్ కిందికి గానీ తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఊయల కింద నెగడు వేస్తే నైలాన్ కరుగుతుంది.

ఎవరికైనా మాట తడబడుతున్నా, గుండీ పెట్టుకోవడం చేతకాకపోయినా, వణుకు ఆగి మత్తుగా ఉన్నా ఒంటి వేడి 35 డిగ్రీలకు దిగువకు జారిందేమో అనుకోవాలి. తడిబట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, తెలివిలో ఉంటే తీపి టీ తాగించండి. కాళ్లూ చేతులూ రుద్దకండి. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఇంకో సంగతి. పలచటి ఊయల గుడ్డలోంచి దోమలు కుడతాయి. అక్కడ మలేరియా ఉంది. దోమతెర అడుగున కూడా మూసుకునేలా ఉండాలి. తిరిగొచ్చిన నెలరోజుల్లో జ్వరం వస్తే, ఏజెన్సీలో పడుకుని వచ్చానని డాక్టరుకు ముందే చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.