ఎదుటి జట్టు ఇంట చావు వస్తే

మన ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. పిలవకపోతే పెళ్లికి వెళ్లరు. చావుకి మాత్రం పిలవకపోయినా వెళ్తారు. పొలం గట్టు గొడవతో పదేళ్లుగా మాటల్లేని దాయాదులు కూడా ఆ రోజు వచ్చి, వాకిట్లో కాసేపు కూర్చుని వెళ్తారు. ఏమీ మాట్లాడక్కర్లేదు, రావడమే పలకరింపు. కర్మకాండ అయ్యాక గట్టు గొడవ మళ్లీ మామూలే.

ఈ పద్ధతి ఫుట్‌బాల్ స్టేడియంలో పనిచేస్తుందా? ఈ వ్యాసంలో నా ప్రశ్న ఇదే. అక్కడ వేల మంది ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్లు. అరవడానికే టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు. ఎదుటి క్లబ్‌ని ద్వేషించడం వాళ్లకి సరదాలో భాగం. అలాంటిచోట ఎదుటి క్లబ్ వాళ్లు ప్రమాదంలో చనిపోతే అభిమానులు ఏం చేశారు? నాలుగు ఘటనలు తీసుకుని చూద్దాం. ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా చదవొచ్చు, ఆఫ్‌సైడ్ రూల్ తెలియక్కర్లేదు.

1. టొరినో, 1949

ఇటలీలోని టురిన్ నగరంలో రెండు పెద్ద క్లబ్బులు: టొరినో, జువెంటస్. 1940లలో టొరినోకి ఎదురు లేదు. 1947లో హంగరీతో ఆడిన ఇటలీ జాతీయ జట్టులో పదకొండు మందిలో పది మంది టొరినో వాళ్లే. 1949 మే 4న లిస్బన్‌లో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి తిరిగొస్తుంటే, వాళ్ల విమానం టురిన్ పక్కనే ఉన్న సూపెర్గా కొండ మీది చర్చి గోడకి గుద్దుకుంది. 31 మంది చనిపోయారు. వాళ్లలో 18 మంది ఆటగాళ్లు.

లీగ్‌లో ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలున్నాయి. టొరినో తన కుర్రాళ్ల జట్టుని దింపింది. ఎదుటి నాలుగు జట్లూ తమ సీనియర్లని పక్కనపెట్టి, వాళ్లూ కుర్రాళ్లనే దింపాయి. ఈ చిన్న వివరం నాకు చాలా నచ్చింది. ఉపన్యాసాలు లేవు, బరువు సమానం చేశారంతే. ఆ నెలలోనే అర్జెంటీనా నుంచి రివర్ ప్లేట్ క్లబ్ వచ్చి బాధిత కుటుంబాల కోసం ఒక మ్యాచ్ ఆడింది. టొరినో పేరుతో ఆ రోజు ఆడిన జట్టులో జువెంటస్ ఆటగాళ్లు కూడా ఉన్నారు.

2. మ్యూనిక్, 1958

1958 ఫిబ్రవరి 6. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు బెల్‌గ్రేడ్‌లో యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్ ఆడి తిరుగు ప్రయాణంలో ఉంది. పెట్రోల్ కోసం మ్యూనిక్‌లో ఆగారు. రన్‌వే మీద కరిగీ కరగని మంచు. రెండుసార్లు టేకాఫ్ ఆపేశారు. మూడోసారి విమానం పైకి లేవలేక రన్‌వే దాటి కూలిపోయింది. మొత్తం 23 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది ఆటగాళ్లు. డంకన్ ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆసుపత్రిలో పోరాడి పోయాడు. అతని వయసు 21, అంటే మన ఫైనల్ ఇయర్ సీనియర్ల వయసు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ విమానంలో చనిపోయిన జర్నలిస్టుల్లో ఫ్రాంక్ స్విఫ్ట్ ఒకరు. ఆయన ఒకప్పుడు మాంచెస్టర్ సిటీకి, అంటే యునైటెడ్‌కి ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థికి, గోల్‌కీపర్. తీవ్రంగా గాయపడి బతికిన యునైటెడ్ మేనేజర్ మాట్ బస్బీ కూడా ఆటగాడిగా ఉన్న రోజుల్లో ఆడింది సిటీకి, లివర్‌పూల్‌కి. కాబట్టి ఆ చావు ఒక్క ఇంటిది కాదు.

అయినా ఏళ్లు గడిచి, ప్రమాదాన్ని చూడని తరం స్టాండ్స్‌లోకి వచ్చాక పరిస్థితి మారింది. సిటీ, లివర్‌పూల్, లీడ్స్ అభిమానుల్లో కొందరికి "మ్యూనిక్" ఒక తిట్టు అయిపోయింది. చేతులు చాచి విమానంలా ఊగడం, పాటలు కట్టడం మొదలైంది. ఇంగ్లండ్‌లో ఇప్పుడు దీన్ని ట్రాజెడీ చాంటింగ్ అంటున్నారు. తెలుగులో చెప్పాలంటే చావు మీద ఎగతాళి.

2008 ఫిబ్రవరి 10న ప్రమాదానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో యునైటెడ్ సొంత మైదానంలో మ్యాచ్ పడింది. ఎదుటి జట్టు ఎవరో కాదు, సిటీయే. ఒక నిమిషం మౌనం పాటించాలి. సిటీ వాళ్లు ఎవరో ఒకరు అరుస్తారని అందరికీ భయం. సిటీ అభిమానుల సంఘమే ముందుగా, మౌనం వద్దు, చప్పట్లు పెడదాం అని అడిగింది. తమవాళ్ల మీద తమకే నమ్మకం లేదన్నమాట. యునైటెడ్ మౌనానికే కట్టుబడింది. రెండు జట్లూ స్పాన్సర్ పేరు లేని చొక్కాలతో వచ్చాయి. అభిమానులకి స్మారక స్కార్ఫులు ఇచ్చారు. విజిల్ మోగింది. స్టేడియం మొత్తం నిశ్శబ్దం. సిటీ వాళ్లు కూడా.

తర్వాత సిటీ 2-1తో గెలిచింది. లీగ్‌లో ఆ మైదానంలో వాళ్లు గెలవడం 1974 తర్వాత అదే మొదటిసారి. పండగ చేసుకున్నారు. అందులో తప్పేం లేదు. చావింటికి వెళ్లొచ్చినవాడు గట్టు గొడవ వదిలేయాలని ఎవరూ అడగరు కదా.

3. హిల్స్‌బరో, 1989

ఇది విమాన ప్రమాదం కాదు, తొక్కిసలాట. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. బయట గుంపు పెరుగుతోందని పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికొచ్చినవాళ్లు అప్పటికే నిండిపోయిన స్టాండ్‌లోకి వెళ్లారు. ముందువైపు ఇనుప కంచె. ఊపిరాడక, నలిగిపోయి చనిపోయినవాళ్ల లెక్క ఇవాళ 97.

నాలుగు రోజుల తర్వాత ఇటలీలో మిలాన్, రియల్ మాడ్రిడ్ మ్యాచ్ జరుగుతోంది. రిఫరీ మధ్యలో ఆట ఆపి మౌనం పాటింపజేస్తే, మిలాన్ అభిమానులు లివర్‌పూల్ వాళ్ల క్లబ్ పాటని వాళ్ల తరఫున పాడారు. లివర్‌పూల్‌లో ఇంకో పని జరిగింది. లివర్‌పూల్, ఎవర్టన్ మైదానాల మధ్య ఉన్నది ఒక పార్కు మాత్రమే. ఆ పార్కు మీదుగా ఒక మైదానం నుంచి రెండో మైదానం దాకా ఎరుపు, నీలం స్కార్ఫులు ముడేసి కట్టారు. ఆ ఊళ్లో ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం. అందుకే ఎవర్టన్ వాళ్లకి అది పరాయి చావు అనిపించలేదు. 2012లో ఎవర్టన్ తన మైదానంలోకి ఇద్దరు పిల్లల్ని చేయీ చేయీ పట్టించి నడిపించింది. ఒకరు ఎవర్టన్ చొక్కాలో 9 నంబర్‌తో, ఇంకొకరు లివర్‌పూల్ చొక్కాలో 6 నంబర్‌తో. అప్పటికి మృతుల లెక్క 96.

కానీ హిల్స్‌బరో గాయం మానకపోవడానికి ఇంకో కారణం ఉంది. పోలీసులు తప్పంతా అభిమానుల మీదకి నెట్టారు, తాగొచ్చి తోసుకున్నారని. ఒక పత్రిక అదే నిజమని మొదటి పేజీలో వేసింది. 2016లో, అంటే 27 ఏళ్లకి, అది చట్టవిరుద్ధంగా జరిగిన ప్రాణనష్టమని, అభిమానుల తప్పు లేదని జ్యూరీ తేల్చింది. అందుకే హిల్స్‌బరో మీద ఎగతాళి పాట మామూలు మొరటుతనం కంటే ఎక్కువ. 27 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగి తల్లిదండ్రులు అబద్ధమని నిరూపించిన మాటని అది మళ్లీ వాళ్ల చెవిలో ఊదుతుంది.

2023 జూన్‌లో ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి ఒక అభిమాని ఆ 97 మందిని ఎగతాళి చేసే చొక్కా వేసుకొచ్చాడు. కోర్టు వెయ్యి పౌండ్ల జరిమానా వేసి, నాలుగేళ్లు మ్యాచ్‌లకి రాకుండా నిషేధించింది.

4. షపెకోయెన్సె, 2016

బ్రెజిల్‌లో షపెకో అనే మామూలు ఊరు. అక్కడి క్లబ్ షపెకోయెన్సె మొదటిసారి ఒక దక్షిణ అమెరికా కప్ ఫైనల్‌కి చేరింది. 2016 నవంబర్ 28న కొలంబియాలోని మెడయిన్‌కి వెళ్తుంటే విమానంలో ఇంధనం అయిపోయి కొండల్లో కూలింది. 77 మందిలో 71 మంది చనిపోయారు.

ఫైనల్‌లో ప్రత్యర్థి మెడయిన్ జట్టు అట్లెటికో నాసియొనల్. వాళ్లు చేసిన మొదటి పని, కప్పు షపెకోయెన్సెకే ఇచ్చేయమని దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్యని అడగడం. ఇచ్చారు కూడా. రెండో పని అభిమానులది. మ్యాచ్ జరగాల్సిన రోజు, జరగాల్సిన సమయానికి, తెల్ల బట్టలు వేసుకుని కొవ్వొత్తులతో స్టేడియం నింపేశారు. లోపల చోటు చాలక బయట వేల మంది నిలబడ్డారు. అప్పటిదాకా వాళ్లలో చాలామందికి షపెకో మ్యాప్‌లో ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు.

బ్రెజిల్ లీగ్‌లో షపెకోయెన్సెకి ఒక మ్యాచ్ మిగిలింది, అట్లెటికో మినేరోతో. ఎదుటి జట్టు మైదానానికి రాకపోతే వచ్చిన జట్టుకి పాయింట్లు వస్తాయి. మినేరో వాళ్లు కూడా రాలేదు. రికార్డుల్లో ఆ మ్యాచ్ రెండు జట్లూ ఓడినట్టు ఉంది.

ఎక్కడ తేడా వస్తోంది?

నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మూడు విషయాలు కనిపించాయి.

మొదటిది కాలం. ప్రమాదం జరిగిన వారంలో దాదాపు అందరూ మనుషులుగానే ఉన్నారు. ఎగతాళి తర్వాత, చూడని తరంతో వచ్చింది. చనిపోయినవాళ్ల ముఖాలు చెరిగిపోయి ఒక పదం మిగులుతుంది: మ్యూనిక్, సూపెర్గా. ఆ పదం అన్నప్పుడు ఎదుటివాడికి మండుతుందని మాత్రమే కొత్తవాడికి తెలుసు. టురిన్‌లోనూ అంతే. 1949లో కలిసి ఆడిన ఊళ్లోనే తర్వాత జువెంటస్ వాళ్లు కొందరు సూపెర్గా మీద, టొరినో వాళ్లు కొందరు హైసెల్ మీద పాటలు కట్టారు. 1985లో బ్రసెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో 39 మంది చనిపోయారు, ఎక్కువమంది జువెంటస్ అభిమానులు.

రెండోది చెల్లుకి చెల్లు. మీవాడు మా మ్యూనిక్ అన్నాడు కాబట్టి నేను మీ హిల్స్‌బరో అంటా. ఇది బేస్ కేస్ లేని రికర్షన్ లాంటిది, ఎవరో ఒకరు రిటర్న్ అవ్వకపోతే ఆగదు. 2023 మార్చిలో లివర్‌పూల్, యునైటెడ్ మేనేజర్లు క్లోప్, టెన్ హాగ్ కలిసి ఒకే ప్రకటన ఇచ్చింది అందుకే. ఒకరే చెప్తే ఓడినట్టు అనిపిస్తుంది.

మూడోది, చేతికి పని. స్కార్ఫు కట్టడం, కొవ్వొత్తి పట్టుకోవడం, తెల్ల చొక్కా వేసుకోవడం. మన చావింట్లో కూడా పక్కింటివాళ్లు టెంట్ వేయిస్తారు, కుర్చీలు తెస్తారు, వంట చేసి పంపుతారు. బాధకి మాటలు దొరకనప్పుడు పని దొరకాలి. పని దొరికిన గుంపు ఎగతాళి వైపు తక్కువ వెళ్తుంది.

మౌనమా, చప్పట్లా?

ఇప్పుడు చాలా చోట్ల నిమిషం మౌనం బదులు నిమిషం చప్పట్లు పెడుతున్నారు. మన డిజిటల్ లాజిక్ సబ్జెక్ట్‌లో చెప్పుకుంటే మౌనం ఒక ఏండ్ గేట్. డెబ్భై వేల ఇన్‌పుట్లూ సరిగ్గా ఉండాలి, ఒక్కడు అరిస్తే అవుట్‌పుట్ పోతుంది. చప్పట్లు ఆర్ గేట్ లాంటివి. కొందరు కొడితే చాలు, అరిచేవాడి గొంతు అందులో కలిసిపోతుంది. డిజైన్ పరంగా చప్పట్లే సేఫ్.

అయినా నా ఓటు మౌనానికే. చప్పట్లలో ఎవడు గౌరవించాడో, ఎవడు తిట్టాడో తెలియదు. 2008లో సిటీ వాళ్లు ఒక్కరైనా పాడుచేయగలిగి ఉండీ పాడుచేయలేదు. ఆ నిమిషానికి విలువ అక్కడే వచ్చింది. విరిగే అవకాశం ఉన్నదాన్ని విరగ్గొట్టకుండా ఎదుటివాడి చేతిలో పెట్టడం కంటే పెద్ద పలకరింపు ఏముంటుంది?

మన దగ్గరికొస్తే

ఫుట్‌బాల్ మనకి దూరం, ఫ్యాన్ వార్స్ దూరం కాదు. 2020 సెప్టెంబర్‌లో చిత్తూరు జిల్లాలో హీరో పుట్టినరోజుకి బ్యానర్ కడుతూ కరెంట్ షాక్‌తో ముగ్గురు చనిపోయారు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. 2025 జూన్ 4న బెంగళూరు స్టేడియం బయట 11 మంది చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చిన పది నిమిషాల్లో మన ఫోన్లలోకి మీమ్ వస్తుంది. వాళ్ల హీరో ఫ్యానా, మన హీరో ఫ్యానా అన్న లెక్క మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో ఎగతాళికి ఒక తరం పట్టింది, మనకి పది నిమిషాలు చాలు.

రామాయణంలో రావణుడు పడిపోయాక అంత్యక్రియలకి విభీషణుడు వెనకాడితే, పగ చావుతోనే అయిపోయిందని చెప్పి చేయించినవాడు రాముడు. అంతకంటే పెద్ద రైవల్రీ మన హాస్టల్లో లేదు. అభిమానం తగ్గించుకోమని నేను అనట్లేదు. సిటీ వాళ్లు ఆ రోజు సిటీ వాళ్లలాగే గెలిచారు. ఈసారి ఎదుటివాళ్ల ఇంట చావు కబురు వచ్చి, మీ గ్రూపులో మీమ్ పడితే, ఫార్వర్డ్ చేయకుండా ఆపండి. పెట్టింది మీ ఫ్రెండ్ అయితే "తీసేయ్ రా" అని ఒక్క మాట చెప్పండి. అదే వాకిట్లో కాసేపు కూర్చుని రావడం.